ప్రయాణ విమానముల తయారీ: ఆలస్యమునకు కారణములేమి?

విమానములు కొనుటకు ధనము గల సంస్థలు లోకములో చాల ఉన్నవి. వాటిని తయారుచేయు విద్య తెలిసిన సంస్థలును ఉన్నవి. అయినను నేడు క్రొత్త విమానము కావలెనని కోరిన సంస్థ దానిని పొందుటకు ఏండ్ల తరబడి వేచియుండవలసి వచ్చుచున్నది. ఆర్డరు అందియు ఇంకను తయారు కాని ప్రయాణ విమానములు ప్రపంచమంతటను కలిపి సుమారు 17,000 కలవని అంతర్జాతీయ విమానయాన సంస్థల సంఘము 2024లో లెక్కగట్టినది. మన దేశమునకు చెందిన ఇండిగో సంస్థ 2023 జూన్‌లో ఒక్కసారిగా 500 విమానములకు ఆర్డరు ఇచ్చెను. ఎయిర్ ఇండియా అదే సంవత్సరమున 470 విమానములను కోరెను.

పెద్ద ప్రయాణ విమానములను నిర్మించు సంస్థలు ప్రధానముగా రెండు. ఒకటి అమెరికాకు చెందిన బోయింగ్. రెండవది ఐరోపాకు చెందిన ఎయిర్‌బస్. ఎయిర్‌బస్ సంస్థ 2019లో 863 విమానములను కొనుగోలుదారులకు అప్పగించినది. మహమ్మారి వ్యాపించిన 2020లో ఆ సంఖ్య 566కు పడిపోయెను. 2024లో 766, 2025లో 793 విమానములు మాత్రమే వెలువడినవి. అనగా ఆరు సంవత్సరములు గడచినను 2019 నాటి మట్టము అందలేదు. బోయింగ్ సంస్థ 2018లో 806 విమానములను అప్పగింపగా, 2024లో 348, 2025లో 600 అప్పగించినది.

గిరాకి ఉన్నది, ధనమున్నది, నేర్పున్నది. మరి ఆటంకమెచ్చట ఉన్నది? దీనిని తెలిసికొనుటకు విమానము ఎట్లు తయారగునో ముందుగా చూడవలెను.

విమానము ఒక్కచోట పుట్టదు

విమాన కర్మాగారమనగా ఒక వాకిట లోహపు రేకులు లోనికిపోయి, రెండవ వాకిట విమానము బయటికి వచ్చు స్థలమని చాలమంది ఊహింతురు. వాస్తవమట్లు కాదు. మనము కర్మాగారమని పిలుచునది కడపటి కూర్పుశాల మాత్రమే. అచ్చటకు వచ్చువరకే రెక్కలు రెక్కలుగా, దేహము దేహముగా, ఎంజిన్లు ఎంజిన్లుగా తయారై యుండును. వాటిని జతపరచి, తీగెలను, గొట్టములను కలిపి, పరీక్షించుటయే అచ్చటి పని.

బోయింగ్ 747 విమానములో 60 లక్షల భాగములు కలవని, అందులో సగము బిగింపులేయని ఆ సంస్థయే చెప్పియున్నది. బిగింపులనగా రివెట్లు, బోల్టులు, మరలు మొదలగునవి. 787లో 23 లక్షల భాగములు కలవు. వీటినన్నిటిని ఒక్క సంస్థ చేయజాలదు. పెద్ద భాగములను చేయువారు మొదటి అంచెవారు. వారికి చిన్న భాగములనిచ్చువారు రెండవ అంచెవారు. వారికి పోతలు, సాగగొట్టిన దిమ్మెలు అందించువారు మూడవ అంచెవారు. వారికిని వెనుక లోహమును శుద్ధిచేయువారు, గనులు త్రవ్వువారు ఉందురు. పైనున్న సంస్థకు మొదటి అంచెవారు బాగుగా తెలియుదురు. మూడవ, నాలుగవ అంచెలలో ఏమి జరుగుచున్నదో తరచుగా తెలియదు. చిక్కులలో పెక్కు అచ్చటనే పుట్టుచున్నవి.

ఈ భాగములు చేయు ప్రయాణములు విమానము చేయు ప్రయాణములకు తీసిపోవు. ఎయిర్‌బస్ విమానముల రెక్కలు బ్రిటనులోని బ్రాటన్‌లోను, దేహభాగములు జర్మనీలోని హాంబర్గులోను, ఫ్రాన్సులోని సేన్ నజేర్‌లోను, తోకభాగములు స్పెయిన్‌లోను తయారగును. ఆ సంస్థ 1970లో ఫ్రాన్సు, జర్మనీల ఉమ్మడి ప్రయత్నముగా పుట్టి, తరువాత స్పెయిన్, బ్రిటనులను చేర్చుకొన్నది. ఏ దేశపు వాటా ఆ దేశమునకు దక్కవలెనను ఒప్పందమే పని ఇట్లు పంచుటకు మూలము. భాగములను మోసికొనిపోవుటకు ఆ సంస్థ బెలూగా అను బొద్దు దేహము గల విమానములను ప్రత్యేకముగా నిర్మించుకొన్నది. ఎ380 అను రెండంతస్తుల విమానమునకు ఆ విమానములును చాలలేదు. దాని భాగములను ఓడలపై ఫ్రాన్సులోని పోయాక్ రేవునకు చేర్చి, అచ్చటనుండి గరోన్ నదిలో బల్లకట్టులపై లాంగోన్ వరకు తెచ్చి, అటుపిమ్మట రాత్రివేళల రహదారిపై ఊరేగింపువలె తూలూజ్‌కు చేర్చెడివారు.

అమెరికాలో 737 విమానపు దేహము కాన్సాస్ రాష్ట్రమందలి విచిటాలో తయారై, రైలుబండిపై రెంటన్ నగరమునకు పోవును. 2014 జూలైలో మోంటానా రాష్ట్రమున ఆ రైలు పట్టాలు తప్పగా, అందున్న ఆరు దేహములలో మూడు జారి క్లార్క్ ఫోర్క్ నది ఒడ్డున పడెను. ఆకాశమున ఎగురవలసినవి నీటిలో తేలుచున్న ఆ దృశ్యము, కూర్పుశాలకు ఎంతో దూరమున జరుగు చిన్న సంఘటన విమానముల తయారీని ఎట్లు తాకగలదో లోకమునకు కన్నులకు కట్టినట్లు చూపినది.

నూటికి తొంబదితొమ్మిది చాలదు

భాగముల సంఖ్య పెరిగినకొలది ఆలస్యము ఎందుకు పెరుగునో చిన్న లెక్కతో తెలిసికొనవచ్చును. ఒక పెండ్లివిందునకు పదిమంది సరఫరా చేయవలసియున్నదనుకొందము. ఒకరు బియ్యము, ఒకరు కూరగాయలు, ఒకరు పాలు, ఒకరు అరటియాకులు తేవలెను. ప్రతివాడును నూరుసార్లలో 99 సార్లు వేళకు తెచ్చువాడే. వారిలో ఒక్కడు రాకున్నను వడ్డన ఆగిపోవును. వంట అంతయు సిద్ధమైనను ఆకులు లేనిదే పంక్తి కూర్చుండదు గదా. పదిమందియు వేళకు వచ్చు సంభావ్యత ఎంత? 0.99ని పదిసార్లు హెచ్చవేసినచో 0.90 వచ్చును. అనగా నూటికి 90 పాళ్లు. ఇది బాగుగనే యున్నది.

ఇప్పుడు పదిమందికి బదులు నూరుగురు ఉన్నారనుకొందము. 0.99ని నూరుసార్లు హెచ్చవేసినచో ఫలితము 0.37 మాత్రమే. అనగా మూడుసార్లలో రెండుసార్లు వడ్డన ఆలస్యమగును. ఐదువందలమంది అయినచో నూటికి ఒక పాలు కూడ ఉండదు. ప్రతివాడును నమ్మదగినవాడే, అయినను మొత్తము నమ్మదగినది కాదు. ఐదువందలమందితోను నూటికి 90 పాళ్లు వేళకు పని జరుగవలెనన్నచో, ఒక్కొక్కడు పదివేలసార్లలో రెండుసార్లకు మించి తప్పరాదు.

విమానమున ఈ చిక్కును తగ్గించుటకు కొన్ని భాగములను ముందుగా నిలువచేయుదురు. కాని ఖరీదైన భాగములను నిలువచేయుట అనగా ధనమును గాదెలో బంధించుటయే. అందువలన సంస్థలు నిలువలను తగ్గించి, అవసరమైన దినముననే భాగము వచ్చునట్లు ఏర్పాటు చేసికొనిరి. అంతయు సవ్యముగా నడచు కాలమున ఇది లాభకరము. ఒక్క లంకె తెగినప్పుడు మొత్తము గొలుసు నిలిచిపోవును.

లోహముల ఇరుకు దారి

గొలుసులో మిక్కిలి ఇరుకైన చోట్లు చాలవరకు లోహముల దగ్గరనే కలవు. రెక్కను దేహముతో కలుపు భాగములు, చక్రముల కాళ్లు మొదలగునవి గొప్ప బరువును మోయవలెను. వాటిని పోతపోసిన చాలదు. కమ్మరి కాగిన ఇనుమును దాగలిపై సాగగొట్టునట్లు, కాగిన లోహపు దిమ్మెను అచ్చులో ఉంచి గొప్ప యంత్రముతో అదుమవలెను. అప్పుడు లోహపు రేణువులు భాగపు ఆకారము ననుసరించి పేర్పబడి బలమిచ్చును. ఇందుకై అమెరికా ప్రభుత్వము 1950 దశకమున భారీ అదుము యంత్రములను కట్టించెను. వానిలో 50,000 టన్నుల బలము గల రెండు యంత్రములు 1955లో పనికి దిగినవి. ఒకటి క్లీవ్‌లండులోను, మరియొకటి మసాచుసెట్స్ రాష్ట్రపు గ్రాఫ్టన్‌లోను కలవు. వాటివంటివి లోకములో వ్రేళ్లపై లెక్కింపదగినన్ని మాత్రమే. క్లీవ్‌లండు యంత్రమునకు పగుళ్లు కనబడగా 2008లో దానిని నిలిపివేసి, కొన్ని సంవత్సరములు మరమ్మతు చేయవలసివచ్చినది. అట్టి యంత్రమునకు బదులు మరియొకటి అంగడిలో దొరకునది కాదు.

టైటేనియమ్ కథ మరియొక విధము. దాని ఖనిజము అరుదైనది కాదు. శ్రీకాకుళము, విశాఖపట్టణము తీరముల ఇసుకలో కనబడు నల్లని ఇల్మెనైటు టైటేనియమ్ ఖనిజమే. కష్టమంతయు శుద్ధిచేయుటలో నున్నది. ఖనిజమును మొదట టైటేనియమ్ టెట్రాక్లోరైడుగా మార్చి, దానిని మెగ్నీషియముతో చర్య పొందింపవలెను. దీనిని కనుగొన్న శాస్త్రజ్ఞుని పేర ఇది క్రోల్ పద్ధతియని ప్రసిద్ధి చెందినది. అప్పుడు రంధ్రములతో నిండిన స్పంజివంటి లోహము లభించును. వేడిగానున్న టైటేనియమ్ గాలిలోని ఆక్సిజనును, నైట్రొజనును పీల్చుకొని పెళుసగును. కావున స్పంజిని శూన్యములోనే కరగించి దిమ్మెలుగా చేయవలెను. విమానపు పనికైనచో పలుమార్లు కరగింతురు.

ఈ లోహమునకు గిరాకి పెరుగుటకు కర్బన తంతువులు కూడ ఒక కారణము. 787 విమానపు బరువులో సగము కర్బన తంతువులను జిగురుతో కలిపి చేసిన మిశ్రపదార్థము. 15 పాళ్లు టైటేనియమ్. కర్బనమునకు తాకియున్న అల్యూమినియము తేమలో త్వరగా క్షయించును, టైటేనియమ్ క్షయింపదు. ఇట్టి ముఖ్యలోహమును సరఫరాచేయువారిలో పెద్దది రష్యాకు చెందిన విఎస్ఎమ్‌పిఓ–అవిస్మా సంస్థ. 2022లో ఉక్రెయిన్ యుద్ధము ప్రారంభమైన పిమ్మట బోయింగ్ ఆ సంస్థనుండి కొనుగోలు నిలిపివేసినది. అందరును ఒక్కసారిగా ఇతరులను ఆశ్రయింపగా కొరత ఏర్పడెను. కొరత గల చోట మోసమును పొంచియుండును. టైటేనియమ్ నాణ్యతను తెలుపు పత్రములు కొన్ని కల్పితములని 2024లో బయటపడగా, అట్టి లోహము ఏయే విమానములలో చేరినదో అమెరికా అధికారులు విచారింపవలసివచ్చినది.

ఎంజిను లేని విమానము

భాగములన్నిటిలో ఎంజిను ప్రధానమైనది. దాని టర్బైను రెక్కలను తాకు వాయువు వేడి, ఆ రెక్కలు చేయబడిన మిశ్రలోహము కరగు వేడికంటె హెచ్చు. రెక్క లోపల సన్నని దారులు ఏర్పరచి, వాటిగుండ చల్లని గాలిని పంపుటవలన అది కరగకుండ నిలుచును. దీనిని పోతపోయు విధానము మన స్థపతులు పంచలోహ విగ్రహములకు వాడు మైనపు మూస పద్ధతి వంటిదే. మైనముతో నమూనా చేసి, చుట్టు పింగాణివంటి పొర నెక్కించి, మైనమును కరగించి తీసివేసి, ఆ ఖాళీలో లోహమును పోయుదురు. అయితే విమానపు రెక్కలో మరియొక నేర్పు కలదు. సామాన్యముగా లోహము గట్టిపడునప్పుడు వేలకొలది స్ఫటికములుగా ఏర్పడును. వాటి సరిహద్దులయందు గొప్ప వేడిలో బలహీనత పుట్టును. అందువలన మూస అడుగున మెలికలు తిరిగిన సన్నని దారి నుంచి, ఒక్క స్ఫటికము మాత్రమే పైకి ప్రాకునట్లు చేయుదురు. రెక్క అంతయు ఒకే స్ఫటికమగును. ఇట్టి పోత సాధించగల కార్ఖానాలు లోకములో బహుకొద్ది. క్రొత్తవాడు ఈ విద్యను నేర్చి, తన పోతలకు ఆమోదము పొందుటకు ఏండ్లు పట్టును.

ఎంజిను ఆగినచో విమానము ఆగును. దీనికి పాత ఉదాహరణము లాక్‌హీడ్ సంస్థవారి ట్రైస్టార్. దానికి ఎంజిన్లను బ్రిటనుకు చెందిన రోల్స్‌రాయిస్ సంస్థ ఇచ్చుటకు 1968లో ఒప్పందమాయెను. ఆ సంస్థ ఎంజిను ముందరి పంకారెక్కలను క్రొత్తగా కర్బన తంతువులతో చేయదలచెను. ఎగురు పక్షి తగిలినప్పుడు నిలుచునా యని పరీక్షింపగా ఆ రెక్కలు తట్టుకొనలేకపోయెను. మరల టైటేనియమునకు మారవలసివచ్చెను. ఖర్చు భరింపలేక 1971 ఫిబ్రవరి 4వ తేదీన రోల్స్‌రాయిస్ దివాలా తీసెను. బ్రిటిషు ప్రభుత్వము దానిని స్వాధీనము చేసికొన్నది. లాక్‌హీడ్ అప్పులకు అమెరికా ప్రభుత్వము హామీ నిలువవలసివచ్చినది. ట్రైస్టార్ 1972లో సేవలో ప్రవేశించునప్పటికే పోటీదారుడైన డిసి–10 ముందు నడచెను. ట్రైస్టార్లు మొత్తము 250 మాత్రమే తయారైనవి. లాక్‌హీడ్ మరల ప్రయాణ విమానముల జోలికి పోలేదు.

ఇట్టిదే మన కాలమునను జరిగినది. ప్రాట్ అండ్ విట్నీ సంస్థ ఎంజిన్లలోని గుండ్రని బిళ్లలను లోహపు పొడిని అదిమి చేయుదురు. 2015 చివరనుండి 2021 వరకు వాడిన పొడిలో అతిసూక్ష్మమైన కల్మషము చేరినదని 2023 జూలైలో ఆ సంస్థ యజమానియైన ఆర్‌టిఎక్స్ ప్రకటించెను. అట్టి కల్మషము చుట్టు కాలక్రమమున పగులు పుట్టవచ్చును. కావున ఎగురుచున్న ఎంజిన్లను వందలకొలది విప్పి పరీక్షింపవలసివచ్చెను. ఇండిగో విమానములు పదులకొలది నేలపై నిలిచిపోయినవి. అంతకు ముందే, 2023 మేలో, గో ఫస్ట్ అను మన దేశపు సంస్థ ఎంజిన్లు అందకపోవుటయే కారణమని చెప్పి దివాలా ప్రక్రియకు దరఖాస్తు చేసెను. మరమ్మతులకు ఎంజిన్లు కావలెను. క్రొత్త విమానములకును అవే కావలెను. తత్ఫలితముగా 2025 జూన్ చివరనాటికి ఎంజిన్లు తప్ప సర్వము సిద్ధమైన విమానములు దాదాపు 60 ఎయిర్‌బస్ వాకిట నిలిచియుండెను. అన్నియు ఉండియు అయిదవతనము లేదన్నట్లాయెను వాటి స్థితి.

పని పంచుటలోని మెలకువ

పనిని పంచి ఇచ్చుటవలన లాభమున్నది. పంచుట తెలియకున్న నష్టమున్నది. బోయింగ్ 787 నిర్మాణమున పెద్ద భాగములను తామే చేయక, వాటి రచననుకూడ చాలవరకు ఇతరులకు అప్పగించెను. రెక్కలు జపానులో మిత్సుబిషి, దేహభాగములు కవాసకి, ఇటలీలో అలేనియా, అమెరికాలో వాట్, స్పిరిట్ సంస్థలు చేయవలెను. అవి తీగెలు, గొట్టములతో సహా పూర్తియై వచ్చునని, తాము మూడు దినములలో కూర్చివేయవచ్చునని బోయింగ్ ఆశించెను. 2007 జూలై 8వ తేదీన మొదటి విమానమును ఘనముగా ప్రదర్శించిరి. అది చూచుటకు విమానమే. లోపల చాలవరకు డొల్ల. అసలు బిగింపుల కొరతవలన తాత్కాలికపు బిగింపులతో దానిని నిలబెట్టిరి. వేరువేరు దేశములలో చేసిన దేహభాగములను జతపరుపగా అంచులు కలియక సందు ఏర్పడెను. పూర్తికాని పని అంతయు కూర్పుశాల నెత్తిన పడెను. కొన్ని నెలలలో ఎగురవలసిన విమానము 2009 డిసెంబరు 15వ తేదీనగాని ఎగురలేదు. 2008 మేలో అందవలసినది 2011 సెప్టెంబరులో జపానుకు అందినది.

ఎయిర్‌బస్‌కు తీగెలు పాఠము నేర్పినవి. ఎ380 విమానములో సుమారు 500 కిలోమీటర్ల పొడవైన తీగెలుండును. హాంబర్గులోని ఇంజనీర్లు చిత్రరచనకు వాడిన కంప్యూటరు కార్యక్రమమును, తూలూజ్‌వారు వాడినదియు ఒకే పేరు గలవే. కాని కూర్పులు వేరు. రెండిటి లెక్కలు సరిగా కలియలేదు. తీగెల కట్టలను దేహములో అమర్చబోగా అవి పొడవు చాలలేదు. 2006లో తయారీ స్తంభించి, మొదటి విమానము 2007 అక్టోబరులోగాని సింగపూర్ ఎయిర్‌లైన్స్‌కు అందలేదు. ఇరువురు దర్జీలు వేరువేరు గజపు కర్రలతో ఒక్క చొక్కాను కుట్టినట్లాయెను.

చేయి తిరుగుట, చేయి మరచుట

1936లో అమెరికాకు చెందిన టి. పి. రైట్ అను ఇంజనీరు ఒక చక్కని విషయమును ప్రకటించెను. తయారైన విమానముల సంఖ్య రెట్టింపైనపుడెల్ల, ఒక్కొక్క విమానమునకు పట్టు సగటు శ్రమ నూటికి 20 వంతులు తగ్గునని ఆయన గమనించెను. మొదటి విమానమునకు లక్ష గంటల శ్రమ పట్టినదనుకొందము. రెండు పూర్తియగుసరికి సగటు 80,000 గంటలు, నాలుగు పూర్తియగుసరికి 64,000, ఎనిమిదింటికి 51,200. పనివాని చేయి తిరుగుచున్నకొలది పని తేలికపడును. దీనిని అభ్యాస రేఖ అందురు.

ఈ రేఖ క్రిందికి దిగినట్లే పైకిని ఎక్కగలదు. 2018, 2019 సంవత్సరములలో 737 మాక్స్ విమానములు రెండు కూలి 346 మంది మరణించిరి. అది సరఫరా లోపము కాదు, రచనలోని లోపము. అయినను దానివలన 2020 ప్రారంభమున ఆ విమానపు తయారీయే కొంతకాలము నిలిచెను. వెంటనే మహమ్మారి వచ్చెను. సరఫరాదారులు పనివాండ్రను పంపివేసిరి; అనుభవజ్ఞులు పెక్కుమంది ముందుగానే పదవీ విరమణ చేసిరి. గిరాకి మరల వచ్చినపుడు యంత్రములు ఉన్నచోటనే ఉన్నవి, చేతులు మారినవి. రివెట్టు బిగించు చప్పుడును బట్టియే అది సరిగా కూర్చున్నదో లేదో చెప్పగల పనివాడు నెలలలో తయారు కాడు.

మార్పు వెనుకకు పోయినకొలది పెద్దదగుట మరియొక చిక్కు. కూర్పుశాల ఆర్డర్లను నూటికి పది తగ్గించినదనుకొందము. మొదటి అంచెవాడు తన నిలువలను ముందు వాడుకొనదలచి ఇరువది తగ్గించును. వాని వెనుకవాడు నలుబది తగ్గించును. చిట్టచివరనున్న పోతశాలకు పనియే లేకుండ పోవును. చిలికి చిలికి గాలివాన అయినట్లు, పైన చిన్న కదలిక క్రింద తుపానగును. గిరాకి పెరిగినపుడును ఇట్లే. కాని మూతపడిన పోతశాల పిలిచినంతనే తలుపు తెరవదు.

తొందరకు మూల్యము

ఆలస్యమును తీర్చుటకు తొందరపడినచో ఏమగును? 2024 జనవరి 5వ తేదీన అమెరికాలోని పోర్ట్‌లండు నగరమునుండి అలాస్కా ఎయిర్‌లైన్స్‌కు చెందిన 737 మాక్స్ 9 విమానము 177 మందితో బయలుదేరినది. దాని దేహమున తలుపునకు బదులుగా బిగించిన మూత కలదు. విమానము సుమారు 15,000 అడుగుల ఎత్తునకు చేరునప్పటికి ఆ మూత ఊడి గాలిలో కలిసెను. ఆ ప్రక్కనున్న రెండు ఆసనములలో ఎవరును లేకపోవుట అదృష్టము. ఎవరును మరణింపలేదు.

విచారణలో తెలిసిన సంగతి గమనింపదగినది. విచిటానుండి వచ్చిన ఆ దేహమున కొన్ని రివెట్లు సరిగా లేవు. నియమము ప్రకారము దేహము ముందంచెలోనే బాగై రావలెను. కాని కూర్పు ఆగరాదని, లోపముతోనే దానిని ముందుకు నడపి, తరువాత సరిచేయదలచిరి. రెంటన్‌లో రివెట్లను బాగుచేయుటకు మూతను తెరచిరి. తెరచినట్లు పుస్తకములో వ్రాయలేదు. వ్రాయనందున, మూసినపిమ్మట తనిఖీ చేయవలెనని ఎవరికిని తెలియలేదు. మూతను పట్టియుంచు నాలుగు బోల్టులు తిరిగి పెట్టబడలేదు. లక్షల భాగములలో నాలుగు బోల్టులు. ఒక పుస్తకములో ఒక పంక్తి. ప్రయాణికుల ప్రాణములు వాటిపై ఆధారపడియుండెను.

దీనితో అమెరికా విమానయానాధికారులు 737 తయారీని నెలకు 38కి మించనీయరాదని కట్టుదిట్టము చేసిరి. 2025 అక్టోబరులోగాని దానిని 42కు పెంచనీయలేదు. అదే 2024లో సెప్టెంబరునుండి నవంబరు వరకు బోయింగ్ పనివారు సమ్మె చేసిరి. ఇతరులకు వదలిన పనిని తిరిగి తన చేతిలోనికి తెచ్చుకొనుటకై బోయింగ్ విచిటాలోని స్పిరిట్ సంస్థను కొనుటకు 2024 జూలైలో ఒప్పందము చేసికొని, 2025 డిసెంబరులో పూర్తిచేసినది.

మన చేతిలోని లంకెలు

ఈ పొడవైన గొలుసులో మన దేశపు లంకెలును కొన్ని కలవు. బెంగళూరులోని హిందుస్థాన్ ఏరోనాటిక్స్ సంస్థ ఎయిర్‌బస్ ఎ320 విమానపు ముందు తలుపులను చాలకాలము తయారుచేసి ఇచ్చినది. హైదరాబాదు సమీపమున ఆదిభట్లలో టాటా, బోయింగ్ సంస్థల ఉమ్మడి కర్మాగారము 737 నిలువుతోక చట్రములను 2023నుండి పంపుచున్నది. శంషాబాదులో సఫ్రాన్ సంస్థవారి లీప్ ఎంజిన్ల మరమ్మతుశాల 2025 నవంబరులో ప్రారంభమైనది. హైదరాబాదులోనే 1973లో స్థాపింపబడిన మిశ్రధాతు నిగమము టైటేనియమును, గొప్ప వేడికి నిలుచు మిశ్రలోహములను తయారుచేయుచున్నది. టైటేనియమ్ స్పంజి తయారీ కేరళలోని చవరలో చిన్న ప్రమాణమున జరుగుచున్నది. మన తీరపు ఇసుకకును, ఆదిభట్లలోని తోక చట్రమునకును నడుమ ఇంకను పూరింపవలసిన అంచెలు పెక్కు కలవు. వాటిని పూరించుట కేవలము ధనముతో అగు పని కాదు. కొలతలో నిక్కచ్చితనము, పత్రములలో నిజాయితి, ఏండ్ల తరబడి నిలిచి పనిచేయు నేర్పరులు, ఇవి మూడును కావలెను.

కొరతకు మందులేమో సంస్థలకు తెలియనిది కాదు. ఒక్కనిపైననే ఆధారపడక ఇరువురి వద్ద కొనుట. ముఖ్యమైన భాగములను కొంత నిలువచేయుట. మూడవ, నాలుగవ అంచెల స్థితిని ఎప్పటికప్పుడు తెలిసికొనుట. గిరాకి తగ్గినపుడును నేర్పరులను పోగొట్టుకొనకుండుట. ఇవన్నియు ఖర్చుతో కూడినవి. మంచి రోజులలో వృథావలె కనబడునవి. కాని ఆ ఖర్చును తప్పించుకొన్నవారు దానిని వడ్డీతో సహా చెల్లించుటను గత 20 సంవత్సరముల చరిత్ర చూపుచున్నది.

క్రొత్త విమానము ఆలస్యమైనచో సంస్థకు నష్టము, ప్రయాణికునకు టిక్కెట్టు భారము. పని పూర్తికాకయే వేళకు వచ్చినచో కలుగు నష్టము అంతతో పోదు. అందువలన కూర్పుశాలలో పని నడపు వారు నేడు గడియారమునకంటె ముందు చూడవలసినది తనిఖీ పుస్తకమును. బిగించిన ప్రతి బోల్టునకు అందులో ఒక సంతకముండవలెను. విప్పిన ప్రతి బోల్టునకును ఉండవలెను.